నాప్పదు ఇల్లయే

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గురించి జీఎస్-2లో అందరం చదువుతాం. 21 రకాల వైకల్యాలు, బెంచ్‌మార్క్ 40 శాతం. నోట్స్‌లో రెండు లైన్లు. నాకు మాత్రం ఆ 40 మొదట కాలేజీ ఎగ్జామ్ సెక్షన్ కిటికీ దగ్గర ఎదురైంది.

మాది యానాం. పేరుకి పుదుచ్చేరే గానీ పుదుచ్చేరి టౌనుకి 800 కిలోమీటర్ల పైమాటే. ఇంజినీరింగ్‌కి ఇక్కడికొచ్చా. సెకండియర్లో, 2018లో, రాస్తుంటే కుడిచేతి వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. అన్నం కలిపినా, ఫోన్ పట్టుకున్నా ఏమీ ఉండదు. పెన్ను పట్టుకున్న పది నిమిషాలకే బొటనవేలు లోపలికి మడుచుకుపోతుంది. డాక్టరు ‘రైటర్స్ క్రాంప్’ అన్నారు. నాన్న చాలా రోజులు నమ్మలేదు.

మూడుసార్లు తిరిగాక మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇచ్చింది: 20 శాతం. ఎగ్జామ్ సెక్షన్ ఆయన అది చూసి, ‘తంబీ, నాప్పదు ఇల్లయే’ అన్నారు. నలభై లేదు కదా అని. స్క్రైబూ లేదు, అదనపు టైమూ లేదు. ఆయన్ని తప్పుపట్టలేను, చేతిలో ఉన్న రూలు అదే. ఆ సెమిస్టర్లో రెండు పేపర్లు పోయాయి, జవాబులు తెలిసీ.

తర్వాత ఎప్పుడో రోమా రోలా లైబ్రరీలో కూర్చుని తీర్పుల లిస్టు చూస్తుంటే వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కనబడింది. 2021 ఫిబ్రవరి 11 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కేసు వేసినాయన మనలాంటి ఆస్పిరెంటే. ఎంబీబీఎస్ చదివింది ఈ ఊళ్లోని జిప్‌మర్‌లో. ఆయనదీ రైటర్స్ క్రాంపే! ఆయన వైకల్యం 6 శాతం, నా దాంట్లో మూడో వంతు కూడా కాదు. రిజర్వేషన్‌కి 40 శాతం కావాలి సరే, రాయలేనివాడికి స్క్రైబ్ ఇవ్వడానికి ఆ గీత ఎందుకంది కోర్టు. తీర్పు వచ్చేనాటికి నేను ఫైనలియర్లో ఉన్నా. నాకెవరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు.

కోర్టు చెప్పినట్టే కేంద్రం 2022 ఆగస్టు 10న 40 శాతంలోపు వారికి మార్గదర్శకాలు ఇచ్చింది. గంటకి కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకి ఇంకో గంట. ఇక్కడ బోర్డు చెప్పాల్సింది రాయడంలో ఇబ్బంది ఉందా, స్క్రైబ్ అవసరమా అన్నది. ఒక మెలిక: ఆ 2022 మార్గదర్శకాల ప్రకారం సర్టిఫికెట్ గరిష్ఠంగా ఆరు నెలలే చెల్లేది. అవసరమున్నవాళ్లు పరీక్ష తేదీ చూసుకుని వెళ్లండి. పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. నేను ఒకటి మర్చిపోయి మళ్లీ వెళ్లాల్సొచ్చింది.

పోయిన నెల చేతికొచ్చింది. అసలు తిప్పలు ఆ తర్వాతే. నాది తెలుగు మీడియం మెయిన్స్. 2022 మార్గదర్శకాల్లో సొంత స్క్రైబ్ చదువు మనకన్నా ఒక మెట్టు తక్కువుండాలన్నారు. ఈ తమిళ ఊళ్లో తెలుగు గబగబా రాసేవాళ్లెవరు? చివరికి యానాం నుంచే వచ్చి ఇంజినీరింగ్ చదువుతున్న తమ్ముడొకడు ఒప్పుకున్నాడు. మొన్న ఆదివారం మొదటి ప్రాక్టీసు. చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని తెలిసింది. రెండో జవాబు సగంలో ఉండగా వాడు పెన్ను కింద పెట్టి, ‘అన్నా, కాస్త ఆగు, చెయ్యి లాగేస్తోంది’ అన్నాడు.