చివరి బెంచీ దాకా

2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, దాని ప్రవేశాల పద్ధతి నాకెంతో నచ్చింది. పదో తరగతి ఫలితాలతోనే సీటు. తర్వాత జీపీఏ వచ్చాక, ప్రభుత్వ బడి పిల్లలకు దానికి అదనంగా 0.4 కలిపారు. కోచింగ్ మొహం చూడని పల్లెటూరి పిల్లలు నూజివీడుకీ, ఇడుపులపాయకీ, బాసరకీ ఆరేళ్ల చదువు కోసం ఇల్లు వదిలి వచ్చారు.

గేటు తెరిచారు, సరే. లోపల? తెలుగు మీడియంలో త్రికోణమితి నేర్చిన పిల్లకి లెక్క వచ్చు, చుట్టూ కురిసే ఇంగ్లీషే కొత్త. సందేహం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆ క్షణంలో మేష్టారు "తెలుగులోనే అడుగమ్మా" అంటే ఆ పిల్ల మొహం చూడాలి! పేరుపెట్టి పిలవడం, తప్పు జవాబుకి తరగతి నవ్వితే గట్టిగా ఆపడం... వీటికి ఏ నిధులూ అక్కర్లేదు. శుభ్రమైన మరుగుదొడ్లకీ, తినగలిగే మెస్సు భోజనానికీ, చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపుకీ మాత్రం కావాలి, ఇచ్చి తీరాలి.

ఏ కాలేజీలోనైనా మొదటి ఏడాది పాఠాలు అందరికన్నా అనుభవమున్న, ఓపికున్న అధ్యాపకులకే అప్పగించాలంటాను. చాలాచోట్ల ఆ భారం నిన్నగాక మొన్న చేరిన కాంట్రాక్టు లెక్చరర్ మీద పడుతోంది; స్టాఫ్ రూములో ఆయనకే ఇంకా కుర్చీ కుదిరి ఉండదు.