బందీలు కట్టిన ఊరు

తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు 'మా ఊరి చరిత్ర' రాసుకురమ్మన్నారు. తోటివాళ్లు గుడి గురించి, కోట గురించి పేజీలు నింపారు. నేను ఒక్క వాక్యమే రాశాను: "మా పేటకు చరిత్ర లేదు." మాస్టారు ఏమీ అనలేదు. ఆ వాక్యం మాత్రం నన్ను వదల్లేదు.

2018 నవంబరులో, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న రోజుల్లో, గ్రంథాలయంలో ఒక చిన్న వార్త చూశాను. గ్రీసులో కొరింథ్ దగ్గర టెనియా అనే పురాతన నగరం ఆనవాళ్లు దొరికాయట. దాన్ని కట్టింది ట్రాయ్ యుద్ధంలో చిక్కిన బందీలని ప్రతీతి! పేపరు పట్టుకొని అలాగే ఉండిపోయాను.

తర్వాత దొరికినంత చదివాను. తమ పెద్దలు టెనెడోస్ దీవి నుంచి తెచ్చిన బందీలనీ, అగమెమ్నాన్ వాళ్లను అక్కడ ఉండనిచ్చాడనీ టెనియా వాళ్లే చెప్పుకొనేవారట. రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ ఆ మాట రాసిపెట్టాడు. తాము బందీల సంతతి అని వాళ్లు దాచుకోలేదు.

పుస్తకాల్లో పేరుంది గానీ ఊరు మట్టిలోనే ఉండిపోయింది. 1984లో హిలియోమోది గ్రామం దగ్గర ఒక రాతి శవపేటిక బయటపడింది. 2013 నుంచి ఎలెనా కోర్కా ఆధ్వర్యంలో క్రమంగా తవ్వకాలు జరిగాయి. ముందు సమాధులు, 2018లో ఇళ్ల పునాదులు, సుమారు రెండు వందల నాణేలు దొరికాయి. ఒక కట్టడం పునాదుల్లో రెండు కుండలున్నాయి. వాటిలో పుట్టకముందే పోయిన ఇద్దరు పసికందుల ఎముకలు! గ్రీకులు మామూలుగా శ్మశానంలోనే పూడ్చేవారు. ఆ తల్లులు బిడ్డలను దూరంగా వదల్లేకపోయారేమో అనిపించింది.

ఈ తవ్వకాలు బందీల కథను రుజువు చేయలేదు. ఊరు ఉందని మాత్రం తేల్చాయి. ఆ కథ నిలిచింది, ఊరివాళ్లు చెప్పబట్టీ, ఒకరు రాయబట్టీ.

ఆ సంక్రాంతికి ఇంటికెళ్లి నానమ్మను అడిగాను, మన పేట బావి ఎవరు తవ్వారని. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వకపోతే మా ముత్తాత, ఇంకా పది మంది కలిసి తవ్వారట. పదకొండు పేర్లూ తడుముకోకుండా చెప్పింది. నోటుబుక్కులో రాసుకున్నాను. మరుసటి ఏడాది నానమ్మ పోయింది.

తమ్ముళ్లూ, ఈ సెలవులకు ఇంటికెళ్లేటప్పుడు బట్టలతో పాటు ఒక నోటుబుక్కు కూడా పెట్టుకోండి. పెద్దవాళ్ల దగ్గర కూర్చొని అడగండి. నాలాగా ఒక్క వాక్యం రాసి ఊరుకోకండి.