జవాబు చెప్పనక్కర్లేని తలపులు

గడియ పెట్టానో లేదో అన్న అనుమానాన్ని మన వైపు ఎవరూ దాచుకోరు. తెనాలిలో రేపల్లె బండి ఎక్కినావిడ వేమూరు రాకముందే ఇంటికి ఫోన్ చేసి, గ్యాస్ కట్టేశానో లేదో చూడమంటుంది. పక్కవాళ్లు నవ్వుతారు, ఆవిడా నవ్వేస్తుంది. నేను రాయదలచింది అలా నవ్వుతూ చెప్పుకోలేని తలపుల గురించి.

బాపట్ల భావనారాయణస్వామి గుడిలో ఒకాయన కళ్లు మూసుకుని దణ్ణం పెడతాడు. సరిగ్గా ఆ క్షణానే స్వామిని తిట్టే బూతుమాట ఒకటి మనసులో పడుతుంది. పెనుమూడి వారధి మీద కృష్ణ దాటుతున్న కుర్రాడికి, పక్కనున్న తమ్ముణ్ణి తోసేస్తానేమోననిపిస్తుంది. కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తున్న బాలింతకు, ఈ బిడ్డను నేనే ముంచేస్తే అన్న ఊహ వచ్చి ఒళ్లు గడ్డకడుతుంది. వచ్చి పోతే బాధే లేదు. కొందరికి అది పొద్దస్తమానం వస్తూనే ఉంటుంది.

అసలు నరకం ఆ తర్వాత మొదలవుతుంది. భక్తుడు చెంపలు వేసుకుంటాడు, ప్రదక్షిణలు మొదలుపెడతాడు, లెక్క తప్పిందేమోనని మళ్లీ మొదటికొస్తాడు. బాలింత బిడ్డను అత్తగారి చేతికిచ్చి దూరంగా కూర్చుంటుంది. కన్నబిడ్డ మీద మమకారం లేదేమిటని ఇంట్లోవాళ్లు గుసగుసలాడుకుంటారు. ఆమెకున్నదంతా మమకారమే. ఆ ఊహకు అంతగా హడలిపోవడం అందుకే.

మా బంధువుల్లో ఒకావిడ తన తలపుల సంగతి డెబ్బయ్యేళ్లు దాటాక నాతో చెప్పింది. భర్తతో కూడా ఎన్నడూ అనలేదట. వయసులో ఉన్నప్పటి నుంచీ తాను పాపిష్టిదాన్నేనని నమ్మి, ఉపవాసాలతో శరీరాన్ని శోషింపజేసుకుంది. చీమకైనా హాని చెయ్యని మనిషి. ఆమె వయసులో ఉన్నప్పుడే ఒక్కరు, ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

చెప్పడానికి ఆ మాట 1978 నుంచీ ఉంది. స్టాన్లీ రాక్‌మన్, పద్మల్ డి సిల్వా అనే మనస్తత్వవేత్తలు ఏ జబ్బూ లేనివాళ్లనూ, ఇలాంటి తలపులు వదలకుండా వేధించే జబ్బుతో బాధపడేవాళ్లనూ మీకొచ్చే తలపులేమిటని అడిగి పోల్చి చూశారు. మామూలువాళ్లలోనూ ఎక్కువమందికి అలాంటి తలపులే వస్తున్నాయని తేలింది. ఎవరి తలపు ఏదో చదివి పోల్చుకోవడం కూడా తేలిక కాలేదు. తేడా అల్లా, మామూలువాళ్లకు వచ్చి పోతుంది. రోగికి మళ్లీ మళ్లీ వస్తుంది, వదలదు, ఎక్కువ బాధపెడుతుంది. అంటే తలపు రావడం నేరమూ కాదు, మనిషి గుణానికి సాక్ష్యమూ కాదు.

పోనీ రాకుండా అడ్డుకుందామా? కోతిని తలచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి కథ మనందరికీ తెలిసిందే. 1987లో అమెరికాలో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ తెల్ల ఎలుగుబంటితో అదే పరీక్ష చేశాడు. తలచుకోవద్దన్నకొద్దీ తలపుకొచ్చింది. ఆ నిషేధం ఎత్తేశాక మరీ ఎక్కువగా వచ్చింది.

ఇంతకీ ఆ పద్మల్ డి సిల్వా శ్రీలంకవాడు. 1980లలో ఆయన పాత బౌద్ధ గ్రంథాలను తిరగేసి, వద్దన్నా వచ్చే తలపులకు వాటిలో చెప్పిన ఉపాయాలను నేటి మానసిక చికిత్సతో పోల్చి వ్యాసాలు రాశాడు. అవి చదివినప్పుడల్లా నాకు మన భట్టిప్రోలు గుర్తొస్తుంది. రేపల్లె లైన్లోనే ఉంది ఆ స్టేషను. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్వి ధాతు కరండాలనూ, వాటి మీది బ్రాహ్మీ రాతలనూ వెలికి తీశాడు. ఆ ధర్మం ఒకప్పుడు మన పొలాల మధ్య బతికింది. ఆ పాత బౌద్ధ గ్రంథాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలోని వితక్కసంఠాన సుత్తం అయిదు దారులు చెబుతుంది: చెడు తలపు బదులు మంచిది తెచ్చుకోవడం, దాని కీడు ఆలోచించడం, దాన్ని పట్టించుకోకపోవడం, దాని పరుగును మెల్లమెల్లగా నెమ్మదింపజేయడం, ఏదీ పని చెయ్యకపోతే పళ్లు బిగించి అణచడం. ఈ జబ్బుకు మాత్రం మూడోది దగ్గరి దారి, అయిదోది పనికిరాదు అని నా అభిప్రాయం. మా బంధువు జీవితమంతా అణచిచూసింది.

తలపు వచ్చాక దానికి జవాబు చెప్పకుండా ఉండటం నేర్పించే చికిత్స ఉంది. 1966లో లండన్‌లో మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ దానికి బాట వేశాడు. భయపెట్టేదాని ఎదుటే మనిషిని నిలబెట్టి, అలవాటైన పరిహారం చెయ్యనివ్వరు. భక్తుడు గుడికెళతాడు, బూతు వస్తుంది, చెంపలు వేసుకోకుండా తీర్థం పుచ్చుకుని ఇంటికొస్తాడు. భయం కాసేపు పెరుగుతుంది, తర్వాత తనంతట తానే తగ్గుతుంది. మందులూ ఉన్నాయి, చాలామందికి పనిచేస్తాయి. ఇంట్లోవాళ్లకొక మాట: "నేనేం చెయ్యను కదూ?" అని పదే పదే అడిగితే ప్రతిసారీ అభయమివ్వకండి. అదీ ఒక పరిహారమైపోతుంది. కసరకుండా పక్కన కూర్చోండి చాలు. అయితే బాలింతకు ఎవరో చెవిలో చెబుతున్నట్టు వినిపిస్తున్నా, ఆ పని చెయ్యడమే సబబని తోస్తున్నా అది వేరే జబ్బు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎవరితోనూ చెప్పుకోలేనివాళ్లకు 14416 అనే ఫోను నంబరు ఉంది. దాని పేరు టెలి మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మొదటి మాట ఎలా అనాలో తెలియకపోతే ఇలా అనండి: "నాకు రాకూడని తలపులు వస్తున్నాయి. అలా చెయ్యాలని నాకు లేదు, చేస్తానేమోనని భయంగా ఉంది." వాళ్లు ఇలాంటివి చాలా విని ఉంటారు, ఉలిక్కిపడరు.