పాత పుస్తకాల్లో దొరికిన కొత్త కంప్యూటర్

కొత్త కంప్యూటర్ అనగానే మనవాళ్ళు ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది, రేటెంత అని అడుగుతారు. నాకు మాత్రం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ గుర్తొస్తుంది. షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఎంసెట్ గైడ్లు, నవలలు, వాటి అడుగున ఎనభైల నాటి కంప్యూటర్ పుస్తకాలు. కాస్త బేరమాడితే చాయ్, బిస్కెట్ల డబ్బుకే వచ్చేస్తాయి. అవి తిరగేస్తుంటే ఒక డౌటు పట్టుకుంది: మనం అన్నింట్లోనూ ముందుకే వచ్చామా?

బీబీసీ మైక్రో సంగతి చూడండి. 1981లో వచ్చింది. మోడల్ బి మెమరీ 32 కేబీ. 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద మన దేశంలో బడులకి కూడా ఇచ్చారు. బేసిక్ భాష రోమ్ చిప్‌లోనే ఉండేది కాబట్టి స్విచ్ వేయగానే రెడీ. అప్‌డేట్లు లేవు, లాగిన్ లేదు.

1987లో యాపిల్‌లో బిల్ అట్కిన్సన్ హైపర్‌కార్డ్ చేశాడు. తెర మీద కార్డులు. మనకి కావాల్సిన గడులు, బటన్లు మనమే పెట్టుకోవచ్చు. బటన్ నొక్కితే ఏం జరగాలో మామూలు ఇంగ్లీషుకి దగ్గరగా ఉండే మాటల్లో రాయొచ్చు. వాడేవాళ్ళకీ తయారుచేసేవాళ్ళకీ మధ్య గోడ లేదన్నమాట.

మూడోది మనదే. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, సీడాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డు. దాన్ని డాస్ పీసీలో పెడితే, తెలుగు సంగతే తెలియని ప్రోగ్రాముల్లోనూ తెలుగు టైపు చేయొచ్చు. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి విడిగా నేర్పక్కర్లేదు, మెషీనే నేర్చుకుంది. దాని వెనకున్న ఇస్కీ పద్ధతిలో మన లిపుల్లో చాలావాటికి ఒకటే వరస. యూనికోడ్ కూడా ఆ వరసే తీసుకుంది: హిందీ 'క' 2325, తెలుగు 'క' 3093. తేడా 768. 'గ' తీసుకోండి, 'మ' తీసుకోండి, తేడా అంతే!

ఇదంతా నాకెందుకంటే, మా అమ్మ బ్లౌజులు కుడుతుంది. పోయిన వానాకాలం కొలతల నోట్‌బుక్ తడిసి ఇంకు కారిపోయింది. సగం మందిని మళ్ళీ పిలిచి కొలతలు తీసుకోవాల్సి వచ్చింది. సరే, కంప్యూటర్‌లో పెడదామని యాప్‌లు వెతికా. నేను చూసినవన్నీ ఇంగ్లీషే. నెట్ ఉండాలి, నెలనెలా డబ్బు కట్టాలి. అమ్మ ఒక్కటే అడిగింది: "ఇందులో చంక కొలత ఎక్కడ రాయాలిరా?" ఆ గడి లేదు. పెట్టుకునే దారీ లేదు.

నాక్కావాల్సిన డెస్క్‌టాప్ అదే బాసూ. స్విచ్ వేయగానే కార్డులు రావాలి. తెలుగు పైపూతలా కాకుండా అడుగు నుంచీ ఉండాలి. కొత్త గడి అమ్మే పెట్టుకోవాలి. లెక్కలు మా ఇంటి డిస్క్‌లోనే ఉండాలి. దీనికి కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. ఏరి, ఒకచోట చేర్చాలి.

ఈ సెమ్ మినీ ప్రాజెక్టు ఇదే, ఇంట్లో మూలన పడున్న పాత పీసీ మీద. మొదటి కార్డులో ఏమేం ఉండాలో అమ్మ చెబుతోంది, నేను రాసుకుంటున్నా. ఇప్పటికి పదకొండు గడులయ్యాయి. మొదటిది చంక.