నాయన ఎర్ర అట్ట పుస్తకం

చిత్తూరులో మా ఇంటి గుమ్మం నుంచి అలిపిరికి ఎంత దూరమని ఎవరడిగినా మా ఇంటిల్లిపాదీ చెప్పే జవాబు ఒక్కటే: 72 కిలోమీటర్లు. ఇది రోడ్డు పక్క రాళ్ళు చెప్పిన లెక్క కాదు. మా నాయన తన అంబాసిడరు కారు మీటరులో చూసి, ఎర్ర అట్ట పుస్తకంలో రాసిపెట్టిన లెక్క. 1974లో కారు కొన్నది మొదలు కొండకు పోయిన ప్రతిసారీ తేదీ, బయలుదేరినప్పటి అంకె, అలిపిరిలో అంకె, పోసిన పెట్రోలు తప్పకుండా రాసేవారు. ఎన్నిసార్లు పోయినా తేడా 72. దేవుడి మీద ఎంత నమ్మకమో ఆ అంకె మీద ఆయనకు అంత నమ్మకం.

నాయన పోయారు. నేను తిరుపతిలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నాను. కారు మాత్రం చిత్తూరులో మా అమ్మ దగ్గరా, అక్క దగ్గరా ఉంది. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో ఆ కార్లు తయారుచేసే కర్మాగారం 2014లోనే మూతపడింది. మా కారుకు యాభై ఏళ్ళు నిండాయి. ఆ సంబరంలో మా అక్క కొడుక్కి ఒక కోరిక పుట్టింది.

“మామా, తాత కారు ఒళ్ళు చూస్తే ఏనుగు, కాళ్ళు చూస్తే కొంగ. పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు, లోప్రొఫైల్ టైర్లు ఏస్తే చూసినోళ్ళు కళ్ళు తిప్పుకోరు” అన్నాడు. ఇంజనీరింగు చదివి మద్రాసులో ఉద్యోగం చేస్తున్న కుర్రవాడు. వాడి మాట కాదనడానికి నేనెవణ్ణి? పైగా ఆ కారులో కాలేజీ వీధిన పోతే తోటి లెక్చరర్లు ఆగి చూస్తారన్న ఆశ నాకూ లేకపోలేదు. తప్పులో సగం నాదే సుమా.

చిత్తూరు మేస్త్రీ ఒక్కడే తల అడ్డంగా ఊపాడు. నాయన కాలం నుంచీ కారు చూస్తున్న మనిషి. “సామీ, బండి ఎత్తు మారగూడదు. రిమ్ము పెద్దదయితే రబ్బరు తగ్గల్ల. గాలుండే చోటికి ఇనుమొస్తాది. ఇంక గుంతలో పడితే ఆ దెబ్బ ఎవురు తినల్ల?” అన్నాడు.

టైరు మీది అంకెలను నేనెప్పుడూ చదివినవాణ్ణి కాను. మేనల్లుడే చదివి చెప్పాడు. నాయన టైరు 5.90-15. అంటే సుమారు ఆరంగుళాల వెడల్పు, పదిహేను అంగుళాల రిమ్ము. కొత్త టైరు 205/50 ఆర్ 17. వెడల్పు 205 మిల్లీమీటర్లు. ఆ వెడల్పులో నూటికి 50 వంతులు పక్కగోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్. రిమ్ము 17 అంగుళాలు. పాత టైరు పక్కగోడ దాదాపు 14 సెంటీమీటర్లుంటే, కొత్తదాని గోడ 10 సెంటీమీటర్లే. గోడ పొట్టిదయితే టైరు మలుపులో అటూ ఇటూ ఒరగదు, స్టీరింగు తిప్పీ తిప్పగానే కారు మాట వింటుంది. పెద్ద రిమ్ము లోపల పెద్ద డిస్కు బ్రేకులు పడతాయి. ఈ కాలపు కార్లకు అవన్నీ నిజమైన లాభాలే. కాని మా కారు బ్రేకులు డ్రమ్ములు. రిమ్ము ఎంత పెంచినా అవి పెరగవు.

ఒక మంచి రోజు చూసి అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరాము. కాణిపాకంలో వినాయకుడికి మొక్కి, కొత్త చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాము. ఆ స్వామి ఎదుట అబద్ధపు ప్రమాణం చేయడానికి మా జిల్లాలో ఎంతటివాడైనా జంకుతాడు. మా కారు ఆ పొద్దంతా అబద్ధమే చెప్పబోతున్నదని అప్పటికి మాకు తెలియదు.

నున్నటి రోడ్డు మీద కారు చక్కగానే పోయింది. మామిడి తోపులు, చెరుకు మళ్ళు, బోడిగుండ్లు వెనక్కి జరిగిపోతున్నాయి. మేనల్లుడి ముఖం వెలిగిపోతున్నది. పాకాల దాటాక రోడ్డు పని జరుగుతున్న చోట ఒక గుంత తగిలింది. వెనకటి కారయితే ‘దబ్బు’మని ఊగి ఊరుకునేది. ఇప్పుడు ‘ఠంగు’మన్నది. “ఏమిరా, ఈ రోడ్డుకు ఎముకలొచ్చినాయే!” అన్నది అమ్మ నడుం పట్టుకుని. చంద్రగిరి కోట కనిపించేదాకా ఆమె మళ్ళీ మాట్లాడలేదు.

అలిపిరి తనిఖీ దగ్గర వరుసలో నిలబడ్డాము. అమ్మ చేతిసంచీలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసింది. నాయన పోయాక కూడా ఆ ఆచారం మానలేదు. మేనల్లుడు మీటరు చూసి అంకె చెప్పాడు. అమ్మ తీసివేత చేసింది. మళ్ళీ చేసింది.

“డెబ్బై అయిదు వస్తాందిరా. ఊరు జరిగిందా, కొండ జరిగిందా? ఇన్నేండ్లలో మీ నాయన ఒక్కతూరి గూడా తప్పు రాయలే.”

కారులో ఎవరమూ మాట్లాడలేదు. మేనల్లుడు ఒక కాగితం తీసి లెక్క కట్టాడు. పాత చక్రం టైరుతో కలిపి 66.5 సెంటీమీటర్ల ఎత్తు. ఒక్క చుట్టు తిరిగితే 209 సెంటీమీటర్లు పోతుంది. కొత్తది 63.7, చుట్టుకు 200 సెంటీమీటర్లే. మీటరు రోడ్డును కొలవదు, చక్రం తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది. చుట్టుకు 9 సెంటీమీటర్లు తగ్గినా దానికి తెలియదు. అందుకే 72ను 75 అన్నది. వేగం చూపే ముల్లు కూడా అంతే, 100 చూపితే మేము పోతున్నది 96. రిమ్ము పెద్దదని మురిసిపోయామే గాని చక్రం మొత్తం మీద చిన్నదయిందని చూడలేదు.

కొత్త ఘాట్ రోడ్డున కొండెక్కి, దర్శనం చేసుకుని, మరునాడు పాత రోడ్డున దిగాము. 1944లో వేసిన రోడ్డది. పాములాగా మెలికలు తిరిగే ఆ దారిలో గట్టి మలుపులు 36. మొదటి పెద్ద మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పగానే ముందు చక్రం దగ్గర గరగరమని శబ్దం. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, వెనక అమ్మ. మేనల్లుడి చేతులు చెమటతో జారుతున్నాయి. వెడల్పు టైరు కావడంతో స్టీరింగు రోకలిలాగా బరువెక్కింది.

కాస్త చోటు చూసి ఆపి దిగి చూశాము. టైరు వెడల్పు ఎక్కువ, కొత్త రిమ్ము దాన్ని బయటికి జరిపింది. మనుషుల బరువుకు కారు కుంగి, మలుపులో మడ్‌గార్డు అంచు రబ్బరును గీస్తున్నది. వేలుపట్టేటంత గాడి పడింది. మరికొన్ని మలుపులు అట్లాగే పోయివుంటే ఏమయ్యేదో ఊహించుకోవలసిన పని లేదు. అమ్మను వెనకవచ్చే వాళ్ళ జీపులో ఎక్కించి పంపాము. మేమిద్దరమూ మొదటి గేరులో, ప్రతి మలుపూ విశాలంగా తీసుకుంటూ, నడిచివచ్చే భక్తులు మమ్మల్ని దాటిపోతారేమో అన్నంత నిదానంగా దిగాము.

ఇంటికి వచ్చాక తెలిసిన ప్లీడరు ఒకాయన ఇంకొకటి చెప్పాడు. తయారుచేసినవారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిపరచింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంతో ఉన్న వాహనానికి ‘వింటేజి’ గౌరవం దక్కుతుంది. యాభై ఏళ్ళు మేము కాపాడిన అర్హతకు యాభై రోజుల్లో ఎసరు పెట్టుకునేవాళ్ళం.

మేస్త్రీ పాత ఇనుప రిమ్ములు అటక మీది నుంచి దించాడు. వాటికి పాత ఎత్తుకు సరిపోయే రేడియల్ టైర్లు వేశాడు. కాలంతో పాటు పోవడం తప్పు కాదు. రేడియల్ టైరు 1946లో ఫ్రాన్సులో పుట్టింది. 2020 నుంచి మా పక్కనే వరదయ్యపాళెం మండలం చినపాండూరులోనే తయారవుతున్నది. అది రోడ్డును మెరుగ్గా పట్టుకుంటుంది, కారు కొలతనూ చెడగొట్టదు. “ఇది చెప్పు మార్చినట్టు సామీ. మీరు చేసింది కాలు మార్చినట్టు” అన్నాడు మేస్త్రీ.

నెల తరువాత మళ్ళీ కొండకు పోయాము. అలిపిరిలో అంకె చూసి అమ్మ పుస్తకం మేనల్లుడి చేతికిచ్చింది. వాడు 72 అని రాశాడు. పై వరుసలోని 75 కొట్టివేయబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది.

“కొట్టెయ్యొద్దురా. మీ తాత పుస్తకంలో కొట్టివేతలు లేవు. ఎందుకు తప్పిందో పక్కన రాయి.”

వాడు కాసేపు ఆలోచించి, చిన్న అక్షరాలతో రాశాడు: “దూరం సరియే. చక్రాలు నావి.”