లెక్కకెక్కని జ్వరములు

కోవిడు మహమ్మారి ఏ దేశమున నెందరికి సోకెనో, ఎందరిని బలిగొనెనో పత్రికలు ప్రతిదినము పట్టికలు గట్టి ప్రకటించుచుండిన ఆ రెండు వత్సరములును నేను ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు చేరువను, తార్నాకలోని నా చిన్న వైద్యశాలలో కూర్చుండి, ఆ అంకెలు ఎక్కడ పుట్టునో, ఎక్కడ పుట్టకముందే నశించునో కన్నులారా చూచుచుంటిని. ఒక దేశపు మరణసంఖ్య ఆ దేశమందలి వ్యాధి తీవ్రతను మాత్రమే చెప్పదు. ఎవరు పరీక్షకు రాగలిగిరి, ఎవరు రాలేకపోయిరి, పోయినవారి పత్రమున వైద్యుడు ఏమి వ్రాసెను అనువానిని గూడ చెప్పును. ఈ సంగతి నాకు గ్రంథములకంటె రోగులే బాగుగ నేర్పిరి.

తెలంగాణమున తొలి రోగి 2020 మార్చి 2వ తేదీన బయటపడెను. దుబాయినుండి బెంగుళూరు మీదుగా వచ్చిన ఆ యువకునికి గాంధీ ఆసుపత్రిలో చికిత్స జరిగెను. విమానములవెంట వచ్చిన వ్యాధి వేసవి గడచునప్పటికి బస్తీలకు చేరినది. ఆ జూలైలో మాణికేశ్వరినగరునుండి, తార్నాక యిండ్లలో వంటపని చేసికొని బ్రతుకు ఒక స్త్రీ నాకడకు వచ్చి, జ్వరమునుగూర్చి గాక మరియొక వింతనుగూర్చి అడిగెను. "సార్, రెండు రోజులు జరమొచ్చె, గోలీలేసుకున్న, తక్కువైంది. గని ఉల్లిగడ్డ మాడిపోతున్నా వాసన తెలుస్తలేదు." పరీక్ష చేయించుకొమ్మంటిని. "రాసిచ్చినంక ఎవలన్న ఇంట్లకు రానిస్తరా సార్?" అని ఆమె బదులు చెప్పెను. ఒక్క గదిలో భర్తయు, అత్తయు, ఇద్దరు పిల్లలును ఆమెతో గూడ నిద్రించెదరు. జ్వరము తగులుటకు ఒకటి రెండు దినములు ముందుగనే ఊపిరిలో వైరసు వెలువడును గనుక, నేను జాగ్రత్తలు చెప్పునాటికే ఆ గదిలో జరుగవలసినది జరిగిపోయినది. వారమురోజులలో ఇంటిల్లిపాదియు దగ్గిరి, లేచిరి. ఆ యైదుగురిలో ఒక్కరును ప్రభుత్వపు లెక్కలోనికి ఎక్కలేదు. ఆమెను నిందించుటకు నాకు నోరు రాలేదు. ఇండ్లవారు ఒకవేళ జీతమిచ్చి ఇంట కూర్చుండుమని చెప్పియున్నచో ఆమె తప్పక పరీక్ష చేయించుకొనియుండెడిది.

మరుమాసమున, మా వీథికి దవ్వుగాని సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. పరిశోధనాసంస్థల శాస్త్రజ్ఞులు ఏ రోగిని పిలువకయే నగరమును పరీక్షించిరి. వ్యాధి సోకినవారు, లక్షణములు లేనివారు సైతము, సుమారు 35 దినములవరకు మలముద్వారా వైరసు అవశేషములను విసర్జింతురు. మురుగునీటి శుద్ధికేంద్రములలోని నీటిని పట్టి, అందలి వైరసు పరిమాణమునుబట్టి గణించి, హైదరాబాదున 6.6 లక్షలమందికి, అనగా జనాభాలో ఇంచుమించు 6 శాతమునకు, వ్యాధి సోకియుండునని వారు ప్రకటించిరి. ఆ దినములలో రాష్ట్రమంతటను పరీక్షలవలన నిర్ధారితులైనవారు లక్షకు లోపే. పని పోవునను భయముచేత పరీక్షకు రాని ఆ తల్లి యింటి సాక్ష్యము గూడ ఆ నీటిలో కలిసియుండునని నేను తలంచితిని.

తార్నాకలోనే యున్న జాతీయ పోషకాహార సంస్థవారు రక్తములోని ప్రతిరక్షకములను వెదకిరి. జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలలో 2020 మే నెలలో 0.33 శాతముగ నున్న సంక్రమణ ఆగస్టునకు 12 శాతము దాటి, డిసెంబరునకు 24 శాతమునకు చేరెను. 2021 తొలినాళ్లలో సి.సి.ఎం.బి.తో కలిసి జరిపిన పరిశీలనలో నగరవాసులలో 54 శాతమునకు ప్రతిరక్షకములుండెను. వారిలో ముప్పాతికమందికి తమకు వ్యాధి వచ్చిపోయినదనియే తెలియదు.

ఇతర దేశముల మాట యేమి? బెల్జియము వృద్ధాశ్రమములలో పరీక్ష లేకయే అనుమానముతో పోయినవారిని గూడ లెక్కించి, 2020లో జనాభా నిష్పత్తిని ప్రపంచమున ముందువరుసలో నిలిచి, నిజాయితీకి అపకీర్తిని మూల్యముగ చెల్లించెను. ఇంగ్లండు, పరీక్షలో తేలిన 28 దినములలోపు మరణములనే లెక్కింపవలెనని ఆ ఆగస్టులో నిశ్చయింపగా, 5,000కు పైగా మరణములు పట్టికనుండి తొలగిపోయెను. పెరూ 2021 మే నెలాఖరున తన దస్త్రములను తిరుగవేసి, 69 వేల సంఖ్యను 1 లక్ష 80 వేలకు సవరించెను. ఇట్టి సంఖ్యలను ప్రక్కప్రక్కన బెట్టి ఈ దేశము గెలిచెను, ఆ దేశము ఓడెను అనుట నాకు సహింపరానిదిగ నుండెడిది.

ఏ కారణమని విచారింపక, మామూలు సంవత్సరములకంటె అధికముగ ఎందరు మరణించిరని చూచుట యొక్కటే అన్ని దేశములకును సమానమైన కొలమానము. ఇది క్రొత్త పద్ధతియు కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైన 1918లోనే ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశమును పట్టి పీడించెను. హైదరాబాదు సంస్థానమున 1911లో 1,33,74,676గ నున్న జనసంఖ్య 1921 నాటికి 1,24,71,770కి తగ్గెను. కరవునకును ప్లేగునకును ఇందు పాలు కలదు. అయినను ఏ దవాఖానా దస్త్రమునకును అందని ఊళ్ల దుఃఖము జనాభా లెక్కలలో బయటపడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విధముననే గణించి, 2020, 2021 సంవత్సరములలో ప్రపంచమున 1.49 కోట్లు, భారతదేశమున 47 లక్షలు అధికమరణములు సంభవించెనని చెప్పినది. మన ప్రభుత్వము ఆ గణనపద్ధతిని ఆక్షేపించినది. కాని 2020లో నమోదైన మరణములలో వైద్యుడు కారణమును ధ్రువీకరించినవి 22.5 శాతమే యైన దేశమున, కారణములను కూడి మొత్తమును చెప్పుట యెట్లు సాధ్యమగునో నాకు బోధపడదు.

2021 ఏప్రిలులో తార్నాకలో విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఆసుపత్రిలో పడక దొరకక ఇంటియందే మరణించిరి. ఊపిరితిత్తుల స్కానులో వ్యాధి స్పష్టముగ కనిపించినను ముక్కు పరీక్ష మాత్రము జరుగలేదు. చూడవచ్చిన వైద్యుడొకడు పత్రమున 'హృదయస్తంభనము' అని వ్రాసిపోయెను. హృదయము నిలిచిపోవుట ప్రతి మరణమునకును తుదిమెట్టు. అది కారణము కాదు. దానికి దారితీసిన వరుసను, మొదటి వ్యాధివరకు, క్రిందికి వ్రాసికొనుచు పోవుటకే ఆ పత్రమున గళ్లు గలవు. పరీక్షలో గాని వైద్యుల పరిశీలనలో గాని వ్యాధి తేలిన 30 దినములలోపు మరణములను, ఇంట జరిగినను, కోవిడు మరణములుగ పరిగణింపవలెనని ఆ సెప్టెంబరులో కేంద్రము నిబంధన చేసెను. కుటుంబమునకు 50,000 రూపాయల పరిహారము ఏర్పడెను. 2022 జనవరి నాటికి రాష్ట్రమున అధికారికముగ ప్రకటితమైన మరణములు సుమారు 4,000 కాగా, పరిహారమునకై వచ్చిన దరఖాస్తులు 28,000 దాటినవి.

ఆ యుపాధ్యాయుని భార్య ఆ పత్రమును చేతబట్టుకొని వచ్చి, "మా సారు గుండెజబ్బుతో పోలేదని మీకు తెలుసు కదా, డాక్టరుగారూ" అనెను. ఆమెకు డబ్బుకంటె ఆ మాటయే ముఖ్యమని నాకర్థమైనది. స్కాను చిత్రము, ఆక్సిజను సిలిండరు అద్దె రశీదు, ఫోనులో నేను చెప్పిన మందుల చీటీ, రక్తమునందలి ఆక్సిజనును కొలుచు వేలికొన యంత్రము చూపిన అంకెలను పూటపూటకు ఆమె గుర్తుపెట్టిన పాఠశాల నోటుపుస్తకము, వీనినన్నింటిని జతపరచి మరణకారణమును విచారించు జిల్లా కమిటీకి దరఖాస్తు పెట్టితిమి. నోటుపుస్తకమున చివరి అంకె 71. కమిటీవారు ఆ పుటకు నకలు తీసికొని, కారణమును మార్చి, ఆ మరణమును లెక్కలో చేర్చిరి.