నా మొకం పనికిరాదేటి?

2017 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పొందూరు నుంచి ఫోనొచ్చింది. "అమ్మా, మాయమ్మ పోయింది. పెద్దకర్మ నాటికి పోటో కట్టించాల. నువ్వు బోలెడు తీసినావు గదా, ఒకటియ్యవా?" అంది అవతలి గొంతు. అంతకు మూడు నెలల కిందట నేను కలిసిన, నూలు వడికే మామ్మ కూతురామె. "అయ్యో, తప్పకుండా ఇస్తాను అప్పా" అన్నాను.

కంప్యూటర్ తెరిచి 'పొందూరు' అని పేరు పెట్టుకున్న ఫోల్డర్లోకి వెళ్ళాను. 140 ఫోటోలున్నాయి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతున్న చేతులు. ఎండిన అరటి పట్టలో ఏకుని పట్టుకున్న చేతులు. రాట్నం తిప్పుతున్న చెయ్యి, దారం లాగుతున్న చెయ్యి. కదురు. నూలు చిలప. మళ్ళీ చేతులు. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చూశాను. మామ్మ ముఖం ఒక్క ఫోటోలోనూ లేదు.

అప్పుడు నేను స్త్రీల శ్రమ, సాహిత్యం అనే విషయం మీద పిహెచ్.డి. చేస్తున్నాను. 'అదృశ్యం', 'చెరిపివేత' అనే మాటలు నా సిద్ధాంత వ్యాసంలో ఎన్నిచోట్ల వాడానో లెక్కలేదు. ఆ రాత్రి ఆ మాటల్ని తలుచుకుంటే సిగ్గేసింది.

పొందూరు సన్నఖద్దరు గురించి మనందరికీ ఎంతో కొంత తెలుసు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్ళో నూరో నంబరు నూలు చేత్తోనే వడుకుతారు. గాంధీ మెచ్చిన బట్ట అని చెబుతారు. ఆ బట్ట కట్టిన నాయకుల పేర్లు కూడా చెబుతారు. వడికేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే, వాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు. ఆ పనిలో వాళ్ళు పాడుకునే పాటలు సేకరిద్దామని నేను వెళ్ళాను. మామ్మ నా మాట విని నవ్వేసింది. "పాట పాడితే దారం తెగిపోద్ది తల్లీ. ఈ నూలుకి ఊపిరి కూడా సూసుకుని తియ్యాల" అంది. పాటలు దొరకవని తేలిపోయాక, కనీసం పని క్రమాన్నయినా ఫోటోలు తీసుకుందామనుకున్నాను.

నా దగ్గరున్నది తమ్ముడు వాడి వదిలేసిన చిన్న డిజిటల్ కెమెరా. అందులో 4 జి.బి. మెమరీ కార్డు. పొందూరు రావడానికి ముందు రెండు రోజులు శ్రీకాకుళంలో కథానిలయంలో గడిపాను. కాళీపట్నం రామారావుగారు 1997లో నెలకొల్పిన ఆ కథల గ్రంథాలయంలో, పాత పత్రికల్లోని స్త్రీల కథల్ని అనుమతి తీసుకుని పుట తర్వాత పుట ఫోటో తీసుకున్నాను. కార్డు అక్కడే ముప్పాతిక నిండింది. ఊళ్ళో ఏదైనా నెట్ సెంటర్లో ఖాళీ చేసుకోవచ్చు. కానీ కార్డుకి వైరస్ అంటుకుంటుందని భయం. ఇంటికెళ్ళాక చూసుకోవచ్చులే అనుకున్నాను.

మామ్మ రాట్నం ముందు కూర్చుని కాసేపయ్యిందో లేదో, కెమెరా తెర మీద కార్డు నిండిపోయిందన్న మాట కనబడింది. నేను గడప మీద కూర్చుని చెరపడం మొదలుపెట్టాను. కథానిలయం పుటల జోలికి పోలేదు. అవి సాహిత్యం, నా పరిశోధనకి ఆధారాలు. చేతుల ఫోటోల జోలికీ పోలేదు. అవి పని క్రమం. ఇక మిగిలినవేమిటి? మామ్మ తలెత్తి నవ్వినవి. నాతో మాట్లాడుతూ కదిలిపోయినవి. మనవడిని గదమాయిస్తూ నోరు తెరిచినవి. 'ఇది వణికింది', 'ఇది పనికిరాదు' అనుకుంటూ ఒక్కొక్కటీ చెరిపాను. రెండు చెరపడం, ఆ చోట్లో రెండు తీయడం, మళ్ళీ రెండు చెరపడం. అలా 26 పోయాయి.

మామ్మ చూస్తూనే ఉంది. "నా సేతులేనా తల్లీ? నా మొకం పనికిరాదేటి నీ సదువుకి?" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వేశాను. "ఈసారి వచ్చినప్పుడు మంచి ఫోటో తీసి, కట్టించి తెస్తాను మామ్మా" అన్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే, కథానిలయం పుటలు మర్నాడూ అక్కడే ఉండేవి. ఆ తర్వాత అక్కడి కథలెన్నో స్కాన్ అయి ఇంటర్నెట్లో కూడా దొరుకుతున్నాయి. ఆ రోజు ఎదురుగా ఉండి మళ్ళీ దొరకనిది మామ్మ ఒక్కతే. ఆమెనే చెరిపి చోటు చేసుకున్నాను. అచ్చయిన అక్షరానికీ మనిషికీ మధ్య ఎంచుకోవలసి వస్తే నేను అక్షరాన్నే ఎంచుకున్నాను. అలా ఎంచుకుంటున్నానని కూడా తెలియకుండానే.

సాయంత్రం పాసింజరులో విజయనగరం వచ్చి ఫోటోలన్నీ కంప్యూటర్లోకి కాపీ చేసుకున్నాను. కార్డులోవి తీసెయ్యలేదు. తర్వాత పెదనాన్నగారి మనవరాలి ఓణీల వేడుకకి అదే కెమెరా, అదే కార్డు పట్టుకెళ్ళాను. కార్డులో మిగిలిన కాస్త చోట్లోనే ఆ పిల్లని తీశాను. ఒక్క ఫోటోలోనైనా చేతులు మాత్రమే తీయాలని నాకు తోచలేదు. మన ఇంటి పిల్లయితే ముఖం, పొందూరు మామ్మయితే చేతులు. ఈ తేడా కెమెరా చేసింది కాదు.

ఫోనొచ్చిన మర్నాడు ఆ కార్డు పట్టుకుని మా ఊళ్ళో ఒక ఫోటో స్టూడియోకి వెళ్ళాను. చెరిపేసినవి ఇంకెక్కడ దొరుకుతాయని అనుకుంటూనే వెళ్ళాను. అక్కడి కుర్రాడు కార్డు తీసుకుని, దాని పక్కనుండే చిన్న మీటని ముందు లాక్ వైపు జరిపాడు. "దీంతో ఇంక ఒక్క ఫోటో కూడా తియ్యకండి మేడమ్" అన్నాడు. తర్వాత అతను చెప్పిన సంగతి నేను అంతకుముందు ఎక్కడా చదవలేదు.

మెమరీ కార్డులో ఒక పట్టిక ఉంటుంది. ఏ ఫోటో పేరేమిటి, అది ఎక్కడ మొదలవుతుంది, దాని ముక్కలు ఏ వరసలో ఉన్నాయి అన్నది ఆ పట్టికలో రాసి ఉంటుంది. మనం డిలీట్ అని నొక్కినప్పుడు ఫోటో పోదు. పేరులో మొదటి అక్షరం చోట ఒక గుర్తు పడుతుంది, ముక్కల్ని కలిపే గొలుసు తెగుతుంది, ఈ చోటు ఖాళీ అని పట్టికలో నమోదవుతుంది. అంతే. బొమ్మ ఉన్నచోటే ఉంటుంది. దాని మీద ఇంకో బొమ్మ వచ్చి కూర్చుంటే అప్పుడు పోతుంది. గ్రంథాలయంలో కేటలాగు కార్డు చింపేసినట్టన్నమాట. పుస్తకం అరలోనే ఉంటుంది, అడిగిన వాళ్ళకి మాత్రం లేదనే జవాబు వస్తుంది.

వింటూంటే నాకు భండారు అచ్చమాంబ గుర్తొచ్చింది. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' తొలి తెలుగు కథ అని చదువుకున్నాం. విజయనగరం వాళ్ళం కాబట్టి కాస్త గర్వంగా కూడా చెప్పుకున్నాం. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1902లో 'హిందూసుందరి' పత్రికలో అచ్చమాంబ 'ధనత్రయోదశి' అచ్చయింది. తొలి కథ ఏదన్న వాదన సంగతి అలా ఉంచుదాం. ఆ కథని ఎవరూ తగలబెట్టలేదు. పత్రిక పుటల్లో ఉన్నచోటే ఉంది. సాహిత్య చరిత్రకారుల పట్టికలో లేదు, ఆ చోటు ఖాళీ అని రాసుకున్నారు. తర్వాత స్త్రీలు వెతికి తీసేదాకా అలాగే ఉండిపోయింది. ఆ చరిత్రకారుల్ని నేను నా వ్యాసంలో గట్టిగానే నిలదీశాను. పొందూరులో గడప మీద కూర్చుని నేను చేసిన పని అంతకంటే వేరా?

కుర్రాడు ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు గంటలు వెతికాడు. దొరికినవి దొరికినట్టు కార్డులోకి కాకుండా కంప్యూటర్లోకి తీశాడు, కార్డులోకే రాస్తే ఉన్నవి కూడా పోతాయట. తెర మీద 11 పేర్లు కనిపించాయి. అన్నింటికీ మొదటి అక్షరం చోట ఒక గీత. తెరుచుకున్నవి నాలుగు. మూడింట్లో మామ్మ లేదు, మనవడి వీపూ గోడా ఉన్నాయి. నాలుగో దానిలో మామ్మ తలెత్తి నన్నే చూస్తోంది. నుదురు, కళ్ళు, ముక్కుపుడక, నవ్వు. భుజాల దాకా ఉంది. అక్కడి నుంచి కిందంతా బూడిద రంగు. మధ్య మధ్య చెరిపి ఫోటోలు తీస్తే ఒక్కో ఫోటో ముక్కలై రెండు మూడు చోట్ల సర్దుకుంటుందట. మొదటి ముక్క దొరికింది. రెండో ముక్క ఎక్కడుందో చెప్పే గొలుసు లేదు, బహుశా దాని మీద మా ఓణీల పిల్ల కూర్చుని ఉంటుంది.

ముఖం వరకూ కత్తిరించి పెద్దది చేయించాను. చేతులది కూడా ఒకటి ప్రింటు వేయించాను. పెద్దకర్మకి ముందురోజు పొందూరు వెళ్ళాను. కూతురు ముఖం ఫోటోని చాలాసేపు చూసింది. "నవ్వుతున్నాది" అంది. తర్వాత, "సేతులు పడనేదేటమ్మా?" అని అడిగింది. రెండో ఫోటో ఇచ్చాను. ఎడమ చూపుడువేలు మీద దారం కోసిన గాటుని వేలితో రాస్తూ, "ఇయ్యయితే నానెక్కడున్నా పోలుస్తాను. మమ్మల్ని పెంచినివియ్యే" అంది. నేను మూడు నెలల కిందట చెయ్యని పని అప్పుడు చేశాను, మామ్మ పూర్తి పేరు అడిగాను. అప్పటిదాకా నా వ్యాసంలో ఆ బొమ్మ కింద 'నూలు వడుకుతున్న స్త్రీ, పొందూరు' అని ఉంది. "నీ సదువు పుస్తకంలో ఎయ్యి. పేపర్లలో ఒద్దు" అంది. అందుకే వ్యాసంలో ఆమె పేరుంది, ఇక్కడ రాయడం లేదు.

మనలో చాలామందిమి ఊళ్ళకి వెళ్ళి, ఆడవాళ్ళ ఇళ్ళలో కూర్చుని, వాళ్ళ జీవితాల్ని కార్డుల్లో నింపుకుని వస్తాం. అందుకని నేను నేర్చుకున్నది చెప్తాను. కార్డు నుంచి ఫోటోల్ని కట్ చెయ్యను, కాపీ చేస్తాను. మధ్యలో కరెంటు పోతే కట్ చేసినవి రెండు చోట్లా లేకుండా పోవచ్చు. కొన్ని తెరిచి చూసుకుని, వేరే హార్డ్ డిస్క్‌లో రెండో కాపీ పెట్టాకే కార్డు ఖాళీ చేస్తాను. ఊళ్ళో ఉండగా ఏదీ చెరపను, ఇంకో కార్డు పట్టుకెళ్తాను. ఇప్పుడు ఫోను తనంతట తానే ఫోటోల్ని దాచిపెడుతుంది గానీ, అందులో ఉన్న మనిషి పేరు రాయదు. ఆ నోటుపుస్తకం నేనే రాస్తాను. పేరు, ఊరు, ఆ పేరు ఎక్కడ వెయ్యొచ్చో, ఎక్కడ వద్దన్నారో. ఏ ఇంట్లో ఫోటో తీసినా వీలైనంత త్వరగా వాళ్ళ ముఖం ప్రింటు వాళ్ళకి చేరుస్తాను.

ఆ కార్డు ఇంకా నా దగ్గరుంది, లాక్ వైపు జరిపిన మీటతోనే. ఎప్పుడైనా రెండో ముక్క దొరుకుతుందేమోనన్న ఆశ లేకపోలేదు. కిందటేడు పొందూరు వెళ్ళినప్పుడు అప్ప ఇంట్లో రెండు ఫోటోలూ గోడకి పక్కపక్కనే ఉన్నాయి. దండ మాత్రం ముఖానికే ఉంది. చేతుల ఫోటో కింద రాట్నం దగ్గర అప్ప కూర్చుని ఉంది. కెమెరా తీయకముందే, "ముందు నా మొకం తియ్యి" అంది.